బుపతిగారి అరవై నాలుగు జీబీలు

జావా దీవిలోని తీర్తోసారి జిల్లా సమాచార శాఖలో వెనింగ్ ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఏటా జూన్ ముప్ఫైన ఆమె ఉద్యోగం చచ్చిపోతుంది. శాఖాధిపతి పాక్ ప్రవీరో సంతకం పెడితే జూలై ఒకటిన మళ్ళీ లేచి కూర్చుంటుంది. పాక్ అంటే అక్కడ అయ్యగారని. ఈ ఏడు ఆ సంతకానికి ఒక షరతు ఉంది. ఆయన దాన్ని షరతు అనలేదు. పెద్దమనిషి కదా, జావాలో పెద్దమనుషులు షరతులు పెట్టరు, నిట్టూరుస్తారు.

"సోమవారం పిల్లల అడ్మిషన్లు పోయినేడులా కాకుండా సాగితే నా మనసు తేలిగ్గా ఉంటుందమ్మా వెనింగ్. మనసు తేలిగ్గా ఉంటే సంతకాలు పెట్టే చెయ్యి కూడా తేలిగ్గా ఆడుతుంది," అన్నాడు నిట్టూర్చి.

పోయినేడు ఉదయం ఎనిమిదింటికి జిల్లాలోని హైస్కూళ్ళ అడ్మిషన్లు ఆన్‌లైన్‌లో తెరిచారు. ఎనిమిదీ అయిదుకల్లా సర్వరు బిగుసుకుపోయింది. తొమ్మిదింటికి గేటు ముందు గొడుగులేసుకుని తల్లులు నిలబడ్డారు. పదింటికి అందులో ఒకావిడ లోపలికొచ్చి, వెనింగ్ పై అధికారి పాక్ మార్సూదీ కుర్చీలో కూర్చుని, తన కొడుక్కి సీటొచ్చేదాకా లేవనంది. సాయంత్రం నాలుగింటికి లేచింది. అప్పటిదాకా పాక్ మార్సూదీ నిలబడే ఫైళ్ళు చూసుకున్నాడు, మధ్యలో ఆవిడకి రెండుసార్లు టీ తెప్పించాడు కూడా.

అసలు రోగం ఏమిటో వెనింగ్‌కి తెలుసు. సర్వరు గదిలో ఉన్నది ఒక్కటే పెద్ద యంత్రం. దాన్నే పదకొండు వాటాలు చేసి, శాఖకొకటి చొప్పున విడివిడి కంప్యూటర్లు ఉన్నట్టు నడిపిస్తారు. వర్చువల్ మెషీన్లంటారు వాటిని. ఆ పెద్ద యంత్రంలో ఉన్న మెమరీ మొత్తం రెండు వందల యాభై ఆరు జీబీలు. పంచి ఇచ్చింది మాత్రం మూడు వందల ముప్ఫై. లేనిది ఎలా పంచారంటే, పెళ్ళి పీటల దగ్గర కుర్చీలు వేసినట్టు పంచారు. ఏ శాఖకి ఎంత పని ఉందని ఎవరూ చూడలేదు, ఏ శాఖలో ఎవరు పెద్ద అని చూశారు. జిల్లాని ఏలే బుపతిగారి కార్యాలయానికి అరవై నాలుగు. జిల్లా మండలికి యాభై ఆరు. సమాచార శాఖకి నలభై ఎనిమిది. అలా మెట్లు దిగుతూ దిగుతూ వచ్చి విద్యాశాఖ దగ్గర ఎనిమిదితో ఆగింది. ఎందుకంటే విద్యాశాఖకి మూడేళ్ళుగా పూర్తి అధికారి లేడు, ఇన్‌ఛార్జి ఉన్నాడు. ఇన్‌ఛార్జికి ఎనిమిది చాలదూ అన్నారు.

ఈ పట్టిక రాసింది పాక్ మార్సూదీయే. ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి, పాక్ ప్రవీరో చేత సంతకం పెట్టించి, సర్వరు గది తలుపుకి అంటించాడు. యాభై ఏడేళ్ళవాడు, మంచివాడు, వెనింగ్‌కి పని నేర్పినవాడు. రోజూ ఇంటి దగ్గర్నుంచి పులియబెట్టిన సోయాగింజల టెంపే వేపుడు తెచ్చి ఆమెకి సగం పెట్టేవాడు. అటువంటి మనిషితో తగవు పెట్టుకోవడం కష్టం. శుక్రవారం పొద్దున్న ఆ వేపుడు తింటూనే వెనింగ్ మాట కదిపింది.

"పాక్ మార్సూదీ, బుపతిగారి మెషీన్‌కి అరవై నాలుగిస్తే అది వాడుకుంటున్నది రెండున్నర. రిబ్బను కత్తిరింపుల ఫొటోలూ, పుట్టినరోజు శుభాకాంక్షలు పంపే ప్రోగ్రామూ తప్ప అందులో ఏం లేదు. మిగతాది వెనక్కి తీసుకుని విద్యాశాఖకి ఇద్దామా?"

టెంపే ముక్క ఆయన నోటిదాకా వెళ్ళి ఆగింది.

"వెనక్కా?"

"ఊరికే పడుంది కదా పాక్."

"ఇచ్చింది వెనక్కి తీసుకుంటే కంటికురుపు లేస్తుందమ్మా. మీ అమ్మ చెప్పలేదూ?"

"చెప్పింది. అది మామిడిపళ్ళకీ, బొమ్మలకీ. మెమరీకి కూడానా?"

"ఏమో మరి. కురుపుకి ఆ తేడాలు తెలుస్తాయంటావా?" అని ముక్క నోట్లో వేసుకున్నాడు. కాసేపు నమిలి, "పోనీ, అడిగి తీసుకుంటే దోషం లేదు. మీటింగు పెడదాం," అన్నాడు.

మధ్యాహ్నం మీటింగు పెట్టారు. పదకొండు శాఖల నుంచి పదకొండుమంది వచ్చారు. మల్లెల టీ తాగారు. వెనింగ్ లెక్కలన్నీ తెర మీద చూపించి, ఎవరెవరు ఎంతెంత వదులుకోగలరో చెప్పమని వినయంగా అడిగింది. ఒక్కరు కూడా కాదనలేదు. జావాలో కాదనే మాట ఒకటుందని నేనైతే చిన్నప్పుడు విన్నట్టు గుర్తు, పెద్దయ్యాక వినలేదు.

"కానియ్యండి. మాకేం, ఎంతిచ్చినా సర్దుకుంటాం," అన్నాడు మండలి తరఫున వచ్చినాయన, తన లెక్క ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటూ.

బుపతిగారి కార్యాలయం నుంచి బూ సులాస్త్రి, అంటే సులాస్త్రి అమ్మగారు, వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడి గుమాస్తా. నలుగురు బుపతులు వచ్చి వెళ్ళారు, ఆవిడ మాత్రం అక్కడే ఉంది. వెనింగ్ వంక చూసి చల్లగా నవ్వింది.

"బుపతిగారి స్థాయికి ఎంత తగుతుందో మీకు తెలియనిదా తల్లీ? మీరు రెండున్నర చాలంటే రెండున్నరే. ఆ మాట ఆయనకి నేనే చెప్తాలెండి, మీ పేరు చెప్పి."

ఆ తరవాత అందరూ ఒకసారి గొంతు సవరించుకున్నారు. మెమరీని సక్రమంగా వినియోగించుకోవాలని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానంలో అంకె అన్నది ఒక్కటీ లేదు.

వెనింగ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మీదే శనివారం సెలవైనా ఆఫీసుకొచ్చి సర్వరు గది తాళం తీసింది. పాక్ మార్సూదీ తన పెంపుడు పిట్టని తీసుకుని పిట్టల కూత పోటీలకి పోయాడు. అడ్డుచెప్పేవాళ్ళు లేరు.

తేలిక పని ముందు చేసింది. రెండేళ్ళ కిందట కరెంటు పొదుపు చెయ్యమని సర్క్యులరొచ్చింది. ఆఫీసులో ఏసీలు ఎవరూ ఆర్పరు గనక, పాక్ మార్సూదీ దాన్ని నోరులేని యంత్రం మీద అమలుచేశాడు. సర్వరు ప్రాసెసర్లన్నిటినీ పొదుపు పద్ధతిలో పెట్టేశాడు. అప్పట్నుంచీ అది జ్వరమొచ్చినవాడిలా నడుస్తోంది. వెనింగ్ ఆ సెట్టింగును పూర్తి వేగానికి మార్చింది. ఫ్యాన్లు ఒక్కసారి గయ్యిమన్నాయి.

తరవాతది ఇంకో అంకె. మెమరీ చాలనప్పుడు యంత్రం కొన్ని సంగతులు తీసుకెళ్ళి డిస్కులో పడేసి, కావలసినప్పుడు మళ్ళీ మోసుకొస్తుంది. వంటింట్లో చోటు చాలక గరిటెల్ని గొడ్లపాకలో పెట్టుకుని, కూర కలపాల్సినప్పుడల్లా పాకకి పరిగెత్తడం వంటిది. ఎంత త్వరగా అలా మోసుకుపోవాలో చెప్పే అంకె అరవై దగ్గరుంది, కొన్ననాటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని పదికి దించింది.

ఇక మిగిలింది అసలు సంగతి. దాన్ని బుడగ అంటారు. ఆ సెట్టింగు పెడితే పెద్ద యంత్రం ఒక్కో మెషీన్ లోపలా ఒక ఉత్తుత్తి బుడగని ఊదుతుంది. బుడగ ఆక్రమించిన చోటుని ఆ మెషీన్ వాడుకోదు, పెద్ద యంత్రం చల్లగా వెనక్కి లాక్కుని, అవసరం ఉన్నవాళ్ళకిస్తుంది. పేరుకి బుపతిగారికి అరవై నాలుగూ ఉంటాయి. పట్టిక మారదు, పరువు పోదు. కొన్ననాడే ఈ సెట్టింగుని పాక్ మార్సూదీ ఆపేసి ఉంచాడు. ఇచ్చింది లాక్కోవడం కోసం ప్రత్యేకంగా ఒక సదుపాయం పెట్టారంటే, దీన్ని తయారుచేసినవాళ్ళకి తల్లులు లేరా అని ఆయన అనుమానం.

వెనింగ్ మౌసు మీద చెయ్యి వేసి ఒక క్షణం ఆగింది. కనురెప్ప తడిమి చూసుకుంది. చదువుకున్నదాన్ని, నాకేమిటీ పిచ్చి అనుకుని నొక్కేసింది. ఎంత లాక్కున్నా ప్రతి మెషీన్‌కీ కనీసం రెండు జీబీలు మిగిలేలా హద్దు పెట్టింది. విద్యాశాఖ మెషీన్‌ని ఎనిమిది నుంచి అరవైకి పెంచింది. తలుపు మీది పట్టిక జోలికి మాత్రం పోలేదు.

ఆదివారం పొద్దున్న లేచేసరికి ఎడమ కన్ను తెరుచుకోలేదు. పై రెప్ప మీద పెసరగింజంత కురుపు లేచి ఎర్రగా నిగనిగలాడుతోంది.

"ఎవరికేమిచ్చి వెనక్కి తీసుకున్నావే?" అంది వాళ్ళమ్మ, వేడినీళ్ళ గుడ్డ పిండుతూ.

"ఎవరికీ ఏమీ ఇవ్వలేదమ్మా."

"ఇవ్వకుండానే తీసుకున్నావా? అయితే రెండో కన్నుకి కూడా వస్తుందేమో చూసుకో."

సోమవారం ఎనిమిదింటికి అడ్మిషన్లు తెరిచారు. వెనింగ్ ఒక కంటితో తెర వంక చూస్తూ కూర్చుంది. ఎనిమిదీ అయిదైంది, పదైంది. మొదటి అరగంటలో ఏడువేలమంది తల్లిదండ్రులు దూసుకొచ్చారు. సర్వరు తొణకలేదు. గేటు ముందు ఒక్క గొడుగు లేదు. పోయినేడు కుర్చీలో కూర్చున్నావిడ మాత్రం రెండో కొడుకు కోసం అలవాటు కొద్దీ వచ్చింది. వరండాలో నిలబడి ఫోన్లో వివరాలు నొక్కింది, నాలుగు నిమిషాల్లో సీటొచ్చింది. "ఇంతేనా?" అని పాక్ మార్సూదీ కుర్చీ వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

వెనింగ్‌కి ఏడుపొచ్చినంత సంతోషమేసింది. సరిగ్గా ఆ సమయానికి ఫోను మోగింది. అటువైపు బూ సులాస్త్రి.

"తల్లీ, మా మెషీన్ నిండిపోయింది. అరవై నాలుగుకి అరవై నాలుగూ వాడుకలో ఉన్నట్టు చూపిస్తోంది. చూడు నువ్వే."

ఈ సంగతి వెనింగ్‌కి తట్టనేలేదు. బుడగ ఆక్రమించిన చోటుని పాపం ఆ మెషీన్ తను వాడేస్తున్న చోటే అనుకుంటుంది. ఖాళీ ఇల్లు కాస్తా కిక్కిరిసినట్టు కనపడుతుంది. నిజం చెప్పాలా, ఏం చెప్పాలి అని ఆలోచించేలోపల బూ సులాస్త్రి గొంతే ముందుకొచ్చింది. అందులో కోపం లేదు, గర్వం ఉంది.

"నేను మీటింగులోనే అనుకున్నా, రెండున్నరేమిటని. బుపతిగారి పనంటే మాటలా? నూట ఇరవై ఎనిమిది చేసెయ్యి తల్లీ. కాగితం పంపిస్తున్నా."

కక్కలేక మింగలేక వెనింగ్ సరేనంది. ఫోను పెట్టేశాక ఆలోచిస్తే తెలిసింది, ఇవ్వడానికి ఇబ్బందేమీ లేదని. నూట ఇరవై ఎనిమిదిచ్చినా, లోపల బుడగ ఇంకాస్త పెద్దదవుతుంది. ఆ ఫొటోలు తినేది ఎలాగూ రెండున్నరే. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

తలెత్తి చూస్తే ఎదురుగా పాక్ మార్సూదీ ఉన్నాడు. ఆమె ముఖం వంక పరీక్షగా చూస్తున్నాడు.

"ఎవరి దగ్గర తీసుకున్నావమ్మా?" అన్నాడు మెల్లిగా.

"ఏమిటి పాక్, తీసుకోవడం?"

అంటూనే చెయ్యి దానంతటదే కంటి మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. పాక్ మార్సూదీ టెంపే పొట్లం విప్పి, ఆ రోజు సగం కాకుండా మూడు వంతులు ఆమె ముందుకి జరిపాడు. జాలిపడ్డాడో, వీడ్కోలు పలికాడో ఆమెకి అర్థంకాలేదు.

మంగళవారం నల్లకళ్ళద్దాలు పెట్టుకొచ్చింది. అంతకంటే బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. మధ్యాహ్నానికల్లా కాంటీనులో అందరికీ తెలిసిపోయింది, సమాచార శాఖ వెనింగ్ ఎవరి దగ్గరో ఏదో వెనక్కి తీసుకుందని. పదకొండు శాఖలవాళ్ళూ తమతమ తెరలు చూసుకున్నారు. పోయింది ఏమన్నా ఉందేమోనని చూస్తే, అన్నీ నిండుగా పొర్లిపోతూ కనపడ్డాయి. పైగా బుపతిగారికి రెట్టింపయిందని కబురు. ఇక చూసుకోండి, బుధవారం సాయంత్రానికి పది దరఖాస్తులొచ్చాయి. తోటలు, శ్మశానాల విభాగం కూడా తమకి పని పెరిగిందని రాసింది.

వెనింగ్ అందరికీ ఇచ్చేసింది. అడిగినవాళ్ళకి అడిగినంత ఇచ్చింది. పుట్టి బుద్ధెరిగి అంత ఉదారంగా ఎవరికీ ఏదీ ఇచ్చి ఎరగదు. పాక్ మార్సూదీ కొత్త పట్టిక రాశాడు. బుపతిగారికి నూట ఇరవై ఎనిమిది, మండలికి నూట పన్నెండు, సమాచార శాఖకి తొంభై ఆరు. అన్నీ రాసి, అలవాటుగా అడుగున మొత్తం కూడాడు. ఆరు వందల డెబ్భై వచ్చింది. కలం పట్టుకుని చాలాసేపు ఆ అంకె వంక చూశాడు.

"యంత్రంలో ఉన్నది రెండు వందల యాభై ఆరే కదమ్మా?"

"అవును పాక్."

"మరిది ఎలా సరిపోయింది?"

"మర్యాద కలుపుకుంటే సరిపోతుంది పాక్."

ఆయన మొత్తం రాసిన చోట కాగితాన్ని అందంగా కత్తిరించేశాడు. కత్తిరించాక, "ఆ బుడగ నొక్కింది నువ్వేగా. కన్ను మాత్రం వేడినీళ్ళతో కడుక్కో," అన్నాడు.

శుక్రవారం ముప్ఫయ్యో తేదీ. పొద్దున పదింటికి పాక్ ప్రవీరో ఆమెని లోపలికి పిలిచాడు. బల్ల మీద కాంట్రాక్టు కాగితం ఉంది. పక్కన మూత తియ్యని కలం ఉంది.

"కూర్చో అమ్మా. కన్నెలా ఉంది?"

"తగ్గుతోంది పాక్."

"అడ్మిషన్లు బాగా జరిగాయి. నా మనసు తేలిగ్గానే ఉంది." నిట్టూర్చాడు. "కానీ ఆఫీసులో ఏదో అనుకుంటున్నారు, నువ్వు ఎవరి దగ్గరో ఏదో తీసుకున్నావని. నేను అడగడం లేదు సుమా."

అడగడం లేదని ఆయన అన్నాడంటే చెప్పమని అర్థం. వెనింగ్ కలం వంక చూసింది. ఏమీ లేదు పాక్ అని నవ్వేస్తే ఆ మూత ఊడుతుంది, ఇంకో ఏడాది గడుస్తుంది. ఆమెకి భయమేసింది. ఆరేళ్ళుగా ఆ ముప్ఫయ్యో తేదీ అంటే భయమే. కానీ వారం రోజులుగా అబద్ధాలు పంచిపెట్టి పెట్టి విసుగెత్తిపోయింది కూడా. ఒక్క మనిషికైనా ఉన్న అంకె ఉన్నట్టు చెప్పకపోతే ఊపిరాడేట్టు లేదనిపించింది.

"అందరి దగ్గరా తీసుకున్నాను పాక్. పట్టికలో ఉన్నది పేరుకే. వాడుకోనిదంతా లోపల్నుంచి లాగేసి విద్యాశాఖకిచ్చాను. అందుకే సోమవారం నడిచింది."

పాక్ ప్రవీరో కలాన్ని కాస్త అవతలికి జరిపాడు.

"నా దగ్గర కూడానా?"

"మీ దగ్గర కూడా."

"పట్టికలో మనకి తొంభై ఆరని రాశారే."

"పట్టికలో తొంభై ఆరే పాక్."

"లోపల?"

"మూడు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ముఖం వాడిపోయింది. ముప్ఫై రెండేళ్ళ సర్వీసు మూడు దగ్గర తేలిందన్నట్టుగా తన రెండు చేతులూ చూసుకున్నాడు. అయిపోయింది, సోమవారం నుంచి ఇంట్లో కూర్చోవడమే అనుకుంది వెనింగ్. అలా అనుకోగానే, ఎందుకో భయం కాస్త తగ్గింది కూడా.

ఆయన ముందుకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి బుపతిగారికి?"

"రెండున్నర."

పాక్ ప్రవీరో లేచాడు. తలుపు దాకా వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసి, మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఏదీ, మళ్ళీ చెప్పు."

"బుపతిగారికి రెండున్నర పాక్. మనకి మూడు."

"ఎందుకలా?"

"అక్కడున్నవి ఫొటోలు. మన దాంట్లో జిల్లా ఉద్యోగులందరి హాజరు పట్టీలున్నాయి. మనకి పని ఎక్కువ."

"పని ఎక్కువ," అన్నాడాయన, రుచి చూస్తున్నట్టు. మూతి బిగించుకున్నాడు గానీ మీసాల కింద ఏదో కదులుతూనే ఉంది. కలం మూత తీసి సంతకం పెట్టాడు. వెనింగ్ అంత పెద్ద సంతకాన్ని ఈ ఆరేళ్ళలో చూడలేదు. కాగితం ఆమె చేతికిస్తూ ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు.

"కానీ ఇది పద్ధతి కాదమ్మా. ఆయన జిల్లాకి పెద్ద. ఆయన రెండున్నర దగ్గరుంటే నేను మూడు దగ్గర కూర్చోకూడదు. మనది రెండుకి దించెయ్యి."

"ఇప్పుడే దించేస్తాను పాక్."

కాగితం గుండెకి ఆనించుకుని ఆమె తలుపు తీసింది. ఒక కాలు బయటపెట్టింది.

"వెనింగ్."

"పాక్."

ఆయన కిటికీలోంచి అవతలి వీధిలో ఉన్న బుపతిగారి భవనం వంక చూస్తున్నాడు.

"ఇవాళ వద్దులే. సోమవారం చూద్దాం."